ముందుగదికి చెక్క నేల

సుధామణికి కాళ్లు రెండూ గట్టిగానే ఉన్నాయి. అయినా 2008 జూలై మొదటి వారంలో హోసూరు బస్టాండు దగ్గరి మందుల దుకాణంలో ఒక ఊతకర్ర కొన్నది. పొడవు సరిపోతుందేమో చూసుకొమ్మని దుకాణదారు కర్ర చేతికిస్తే, "నాకు కాదప్పా, నాకంటే నాలుగు వేళ్లు పొట్టి ఆమెకి" అని, ఆ పొట్టి మనిషి భుజం ఎక్కడికి వస్తుందో గాలిలో చెయ్యి పెట్టి చూపింది. తొమ్మిదేళ్లు పక్కన నడిచిన భుజం అది. కొలత తప్పే వీలు లేదు.

ఇంటికి వచ్చి ముందుగదిలో కర్ర ఊని, ఎడమకాలు ఈడుస్తూ ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. గచ్చు మీద రెండు చెంబుల నీళ్లు పోసి మళ్లీ నడిచింది. కర్ర కొనకున్న రబ్బరు బుడిపె ఎర్రగచ్చు మీద సర్రున జారింది. పక్కింటి మారక్క కిటికీలోంచి ఇదంతా చూసింది.

"ఏమే సుధామణీ, కాలికేమయింది?"

"కాలికేమీ కాలేదు మారక్కా. నేలను చూస్తా ఉండాను."

"నేలకేమయిందే?"

"అదే చూస్తా ఉండాను."

మారక్క కిటికీ మూసుకుంది. కంపెనీల్లో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లకు మూడో ఏడు వచ్చేసరికి బుర్ర ఇట్లాగే అవుతుందని వీధిలో మాత్రం చెప్పింది.

సుధామణిది ఉద్దనపల్లి. నాయన గొర్రెలు కాసేవాడు. ఇరవై రెండేళ్ల వయసులో, 1988లో, హోసూరు వచ్చి బండ్లకు మీటర్లు చేసే ఒక కంపెనీలో చేరింది. రెండేళ్లు తిరక్కుండానే ఆమెను తనిఖీ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వెంట్రుకంత గరుకు ఉన్నా వేలికొసతో పట్టేసేది. బాగున్న సరుకుకు ఆకుపచ్చ చుక్క, బాగులేనిదానికి ఎర్ర చుక్క. పదిహేనేళ్లు ఆమె పని ఆ రెండు చుక్కలే. ఒకసారి సూపర్‌వైజరు పరుగున వచ్చి, "లారీ నిలబడి ఉందమ్మా, ఈ ఒక్క పెట్టె వదిలెయ్యి" అంటే, "లారీని కూర్చోమనండి సార్" అన్నది. ఆ మాట కంపెనీ అంతా పాకింది. ఆమె ఉద్యోగం మానేదాకా ఎవరు తొందరపడినా "లారీని కూర్చోమను" అనడం అక్కడ వాడుకైపోయింది.

భువన 1990లో ఆ కంపెనీకి వచ్చింది. మత్తూరులో చిల్లర అంగడి ఉన్న కుటుంబం. పెళ్లయిన తొమ్మిదో ఏట మొగుడు పోయాడు. ఎనిమిదేళ్ల కొడుకు హేమంత్‌ను తల్లి దగ్గర వదిలి పనికి వచ్చింది. సుధామణి కంటే నాలుగేళ్లు పెద్ద. ఇద్దరూ కలిసి బాగలూరు రోడ్డు వెనక ఒక మేడ మీద గది తీసుకున్నారు. పైన రేకులు, కింద సిమెంటు. హోసూరు చలికి ఆ సిమెంటు మీద చాప పరుచుకుని పడుకుంటే తెల్లారేసరికి నడుము కొయ్యబారేది. మొదటి చలికాలంలోనే భువన కంపెనీ స్టోర్సులో అడిగి, పైదేశాల నుంచి యంత్రాలు వచ్చిన ప్యాకింగ్ పెట్టెల పలకలు ఏడు సంపాదించింది. తలా ఒక కొస పట్టుకుని, ఏడు పలకలనూ నడిచి మోసుకొచ్చారు. అవి తెల్లటి పైన్ చెక్కలు, వాటికి కర్పూరానికి దగ్గరి వాసన. పక్కపక్కన పేర్చి, వాటి మీద చాప వేసుకున్నారు. మేకులు కొట్టలేదు గనక ఒకరు పక్కకు తిరిగితే రెండోవారి కింద పలక కదిలేది. "పడుకోవే సుధా, పలక నీ పేరు పెట్టి పిలుస్తా ఉంది" అనేది భువన. తొమ్మిది చలికాలాలు అట్లా గడిచాయి.

1999లో భువన తల్లి చనిపోయింది. కొడుకు పెద్ద చదువుకు వచ్చాడు, చూసుకునేవాళ్లు కావాలి. భువన పని మానేసి కొడుకుతో కృష్ణగిరిలో కాపురం పెట్టింది. హేమంత్ అక్కడే గ్రానైటు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేరి, తర్వాత సొంతంగా ఆ రాయి వ్యాపారమే మొదలుపెట్టాడు. ఇల్లు కట్టాడు. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా నల్ల గ్రానైటు పరిచాడు. ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంత మెరుపు.

సుధామణికి సంబంధాలు రాక కాదు. వచ్చిన రోజుల్లో తమ్ముళ్ల చదువులు అడ్డం వచ్చాయి. తమ్ముళ్లు ఒడ్డెక్కేసరికి అడిగేవాళ్లు తగ్గిపోయారు. 2005లో వీఆర్‌ఎస్ తీసుకుని రెండు గదుల పాత ఇల్లు ఒకటి కొనుక్కుంది. ఊరికే ఉండలేక ఒక చిన్న యూనిట్‌లో రబ్బరు రింగులు తనిఖీ చేసే పనికి వారంలో అయిదు రోజులు పోతుంది. మిగిలిన రెండు రోజులు ఇంట్లోనే. ఒక సోమవారం పొద్దున బస్సు కండక్టరును టికెట్టు అడగబోతే గొంతు పెగల్లేదు. దగ్గి, మళ్లీ అడిగింది. శుక్రవారం సాయంత్రం నుంచి పాలవాడితో "అర లీటరు" అన్న మాట తప్ప ఇంకో మాట నోటి నుంచి రాలేదని అప్పుడు లెక్కకొచ్చింది. ఆ తర్వాతే ఆదివారం ఆదివారం భువనకు ఫోన్ చేయడం అలవాటు చేసుకుంది.

2008 ఏప్రిల్‌లో భువన ఆ నల్ల గ్రానైటు మీద జారి పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి ఉక్కు పట్టీ వేశారు. నలభై ఆరేళ్లకే చేతికి కర్ర వచ్చింది. జూన్ చివర్లో బాత్రూము నుంచి వస్తూ తడికాలితో మళ్లీ జారింది. ఈసారి గోడ అందింది కాబట్టి సరిపోయింది. ఆ ఆదివారం ఫోన్‌లో సుధామణి ఎక్కువ మాటలు పెంచలేదు.

"అక్కా, ఆ ఇంట్లో ఇంకోతూరి పడితే లేవలేవు. ఈడికి వచ్చెయ్యి."

"వచ్చి? నన్ను చంకన పెట్టుకుని తిరుగుతావా?"

"ముందుగది నీకే. నేల మార్పిస్తాను."

"నిజంగానే అంటా ఉండావా?"

"నేనెప్పుడు సుమ్మనే అన్నాను?"

"అయితే వస్తానే. కొడుకు మంచోడే, కోడలు నందిత కూడా మంచిదే. ఆ రాయే మంచిది కాదు. కాలు నిలిచే నేల ఒకటి ఉంటే చాలు, ఆడనే ఉండిపోతాను."

అట్లా సుధామణి జీవితంలో మొదటిసారి ఒక నేల ఎంచుకోవలసి వచ్చింది. ఆ నేల మీదనే ఆమె మిగతా బతుకంతా ఆధారపడి ఉంది. ఒంటరిగానా, ఇద్దరుగానా అన్నది ముందుగది తేల్చాలి.

రాయకోట రోడ్డులో ధనశేఖర్‌కు పరుపులు, కర్టెన్లు, నేలకు పరిచే షీట్లు అమ్మే అంగడి ఉంది. వినైల్ అనే ప్లాస్టిక్ షీట్లు చుట్టలు చుట్టలుగా గోడకు నిలబెట్టి ఉన్నాయి. ఒక చుట్ట విప్పి నేల మీద పరిచాడు.

"చూడండక్కా, అచ్చం కట్టె మాదిరే. కణుపులు కూడా వేసినారు."

సుధామణి వంగి వేలితో రాసింది. "కణుపు కంటికి ఉండాది, వేలికి లేదే."

"వేలితో నడుస్తామా అక్కా? కాలితో కదా!"

"ఎన్నేళ్లు ఉంటుంది?"

"ఎనిమిదేళ్లు, పదేళ్లు. విసుగు పుడితే చుట్టి పారేసి ఇంకోటి వేసుకోవచ్చు. పని కూడా ఒక పూటే. గచ్చు సమం చేసుకుంటే చాలు, ఎల్లుండి మధ్యాన్నానికి పరిచేస్తాము. ఆడి పుట్టేదానికి ఇంకా వారం ఉండాది. ఆమెను ముందే పిలుచుకొచ్చుకోండి. ఆడి పుట్టినాక ఎవరు ఇల్లు మారతారు?"

ఆ మాట నిజం. ఆడి అంటే తమిళ లెక్క ఆషాఢం. ఆ నెలలో ఆ వైపు ఎవరూ కొత్త ఇంట కాలు పెట్టరు. జూలై నడుమ ఆడి పుడితే, మళ్లీ ఆవణి వచ్చేదాకా, అంటే ఆగస్టు నడిమి దాకా, ఆగాల్సిందే.

నమూనా ముక్క ఒకటి అడిగి తీసుకుని అక్కడి నుంచి ముత్తప్ప దగ్గరికి పోయింది. ముత్తప్ప అరవై దాటిన వడ్రంగి. కంపెనీలు వేలం వేసే ప్యాకింగ్ పెట్టెలు కొని, చిత్రిక పట్టి, మంచాలూ తలుపులూ చేస్తాడు. షెడ్డులో అడుగు పెట్టగానే ఆ కర్పూరపు వాసన తగిలింది. పద్దెనిమిదేళ్ల వెనకటి వాసన. సుధామణి అక్కడే ఒక నిమిషం నిలబడింది.

"నేలకు వేయొచ్చునా ముత్తప్పన్నా?"

"ఎందుకు వేయకూడదు? గచ్చు మీద రీపరు కట్టెలు కొట్టి, వాటి మీద పలకలు బిగిస్తే, ఇల్లు ఉన్నంత దినాలు ఉంటుంది. అయితే తొందర పనికిరాదమ్మా. ఇది వానకాలం. పలకలు తెచ్చి ఆ గదిలోనే పదైదు దినాలు పేర్చి పెట్టాలి. ఆ గది గాలికి, ఆ గది చెమ్మకి అలవాటు పడాలి. రాగానే మేకు కొడితే నేల లేచి కూర్చుంటుంది."

"పదైదు దినాలా?"

"కొత్త కోడలు కూడా వచ్చిన దినమే పొయ్యి పట్టదు కదమ్మా. ఇంకోటి, ఆడిలో నేను మొదటి మేకు కొట్టను. ఆవణి పుట్టినాకే."

ఒక పలకముక్క కూడా తీసుకుని ఇంటికి వచ్చింది. మూడు రోజులు పరీక్షలు సాగాయి. వినైల్ ముక్కనూ పలకముక్కనూ పక్కపక్కన పెట్టి, కొత్త కర్ర ఊని, భువన బరువు ఎంత పడుతుందో అంత బరువు వేసింది. పొడిగా పదిసార్లు, తడిపి పదిసార్లు. తెల్లవారుజామున లేచి వట్టి కాలు పెట్టి చలి చూసింది. పాత అలవాటు ప్రకారం పుస్తకంలో గీతలు గీసి రాసుకుంది. పొడిలో రెండూ బాగున్నాయి. చలికి చెక్క మేలు. తడిలో వినైల్ పదికి పది నిలిచింది. చెక్క పదింటిలో మూడుసార్లు జారింది.

భువన చలికి పడలేదు, తడికి పడింది. ఏ చుక్క ఎక్కడ పడాలో సుధామణికి తెలుసు. పదిహేనేళ్లలో తెలిసి తెలిసి ఒక్క సరుకు వదిలిన మనిషి కాదు. అయినా ఆ పేజీలో ఆమె ఏ చుక్కా పెట్టలేదు. పుస్తకం మూసేసింది.

ఆమె మనసులో నడిచింది వేరే లెక్క. చుట్టి తెచ్చినదాన్ని ఎప్పుడైనా చుట్టి తీసుకుపోవచ్చు. మేకులు కొట్టినది ఉండిపోతుంది. ఎనిమిదేళ్ల నేల మీదికి ఆమె భువనను పిలవడం లేదు. బాత్రూము గుమ్మం దగ్గర ఒక గరుకు పట్టా వేస్తే తడి సంగతి తీరిపోతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. శనివారం ముత్తప్పకు పలకలు దింపమని చెప్పింది. ఆడి పుట్టడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆదివారం ఫోన్‌లో సంగతి చెబితే భువన నవ్వింది. "మళ్లా పలకలేనా? అవి వదిలేలా లేవే మనల్ని."

"ఆవణిలో వచ్చెయ్యి అక్కా. నెల దినాలే."

"నెల దినాలు ఒక లెక్కా? లారీని కూర్చోమందాంలే."

పలకలు వచ్చాయి. ముత్తప్ప వాటిని ముందుగది నడుమ పేర్చాడు, గాలి ఆడేటట్టు వరసకూ వరసకూ మధ్య సన్నటి రీపర్లు పెట్టి. రోజూ ఒక గంట కిటికీ తెరవమన్నాడు, చినుకు పడితే మాత్రం వెంటనే మూసేయమన్నాడు. ఆడి గాలి మొదలైంది. వీధిలో దుమ్ము, చెత్త కాగితాలు ఎగురుతుంటే సుధామణి పలకల వాము పక్కన కూర్చుని కాఫీ తాగేది. రెండు రోజులకొకసారి పై వరస కిందికీ కింది వరస పైకీ మార్చేది. గోడకు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ పెట్టించింది. పొట్టికాళ్ల మంచం ఒకటి చేయించింది. ఆ రోజుల్లో ఆమె బాగా మాట్లాడింది. పాలవాడితో, "వచ్చే నెల నుంచి ఒక లీటరప్పా" అన్నది. మారక్కతో, భువన ఉప్మాలో శనగపప్పు ఎక్కువ వేస్తుందని, ఆ పప్పు ఎవరి పంటికి తగిలితే వాళ్లు టీ పెట్టాలని ఒకప్పుడు పందెం ఉండేదని చెప్పింది. ఆ పందెంలో నవ్వవలసినదేముందో మారక్కకు అర్థం కాలేదు గానీ నవ్వింది.

పన్నెండో రోజున హేమంత్ ఫోన్ చేశాడు.

"చిన్నమ్మా, నేను హేమంతు. మీరు నేలకు ఏవో పరీక్షలు చేసినారంట, అమ్మ చెప్పింది. డాక్టరు కూడా నేల సంగతే చెప్పినాడు. ఏది మంచిదని మీకు తేలింది?"

ఆ పరీక్షల గురించి ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పుస్తకం తెచ్చుకుని మొదటి నుంచి చదివింది. ఎన్నిసార్లు, ఎంత బరువు, ఏ పూట, అన్నీ. అతను మధ్యలో అడ్డం రాలేదు, ఓపిగ్గా విన్నాడు.

"తడిలో ఏది నిలుస్తుంది చిన్నమ్మా? అదే కదా అసలు."

సుధామణి పలకల వైపు చూసింది. పుస్తకంలో పెట్టని చుక్క నోటితో పెట్టక తప్పలేదు. అడిగినవాడికి తప్పు రిపోర్టు ఇవ్వడం ఆమెకు చేతకాదు.

"వినైల్. పదికి పది."

"అది వేసేదానికి ఎన్ని దినాలు పడుతుంది?"

"కింద సమంగా ఉంటే ఒక పూట. మీ ఇంట్లో గ్రానైటు కదా, సమంగానే ఉంటుంది."

"రాయి పాడైపోతుందా?"

"పాడు కాదు. అంచులకు మాత్రమే గమ్ పెడతారు. బాత్రూము గుమ్మం దగ్గర బాగా పెట్టాలి, ఆడ లేస్తే కర్ర తగులుకుంటుంది."

"చాలా మేలు చేసినారు చిన్నమ్మా" అని పెట్టేశాడు.

అతను ఎందుకు అడిగాడో ఆమెకు తట్టలేదు. తల్లిని పంపే ముందు జాగ్రత్తలు తెలుసుకుంటున్నాడనుకుంది. పిల్లవాడు బుద్ధిమంతుడయ్యాడని ఆ సాయంత్రం మారక్కకు చెప్పింది కూడా.

ఆవణి పుట్టడానికి ముందు ఆదివారం భువనే ఫోన్ చేసింది. ఎప్పుడూ సుధామణి చేసేది.

"సుధా, ఎట్ల చెప్పేదో తెలీలేదే."

"ఏమయింది? మళ్లా పడినావా?"

"పడలేదు. పడనిస్తేనా! హేమంతు నా గదంతా, బాత్రూము దాకా, వినైల్ వేయించినాడు. మొన్న బుధవారం పొద్దున మొదలుపెట్టి మధ్యాన్నానికి అయిపోగొట్టినారు. వాడి బతుకంతా ఆ రాయి మీదనే కదా, ఆ రాయినే కప్పేసినాడు చూడు, నాకోసం. 'ఇప్పుడు కూడా పోతావామ్మా?' అని అడిగినాడు. నాకు నోరు రాలేదే."

సుధామణి పలకల వాము మీద చెయ్యి ఆనించింది.

"నాలుగు దినాలుగా నడుస్తా ఉండాను. జారలేదు."

"జారదు" అన్నది సుధామణి. "పదికి పది."

"కట్టె బొమ్మే వేసినారు దాని మీద. చూస్తే మన పలకల మాదిరే ఉండాది. నీకు కోపమా?"

"కోపమేమి? కొడుకు అంత చేసినాక ఆడనే ఉండల్ల. యాడికి వస్తావు?"

"మరి నీ కట్టెలు?"

"పేర్చి ఉండాయి."

"వేయించుకోవే. నీకూ చలి కదా."

ఫోన్ పెట్టేశాక సుధామణి పుస్తకం తీసింది. ఖాళీగా వదిలిన చోటు చూసింది. ధనశేఖర్ చెప్పినట్టు విని ఉంటే ఆడికి ముందే, రెండు రోజుల్లో, భువన ఇక్కడ ఉండేది. హేమంత్‌కు అప్పటికి వినైల్ అన్న పేరు కూడా తెలియదు. ఒకసారి వచ్చిన మనిషిని ఇక ఎవరూ వెనక్కి పంపేవాళ్లు కారు. లెక్క ఎంత తేటగా ఉందంటే, దాని మీద ఏడవడానికి కూడా ఏమీ మిగల్లేదు. మరునాడు పాలవాడితో, "ఒక లీటరు వద్దులేప్పా, అర లీటరే" అన్నది.

ఆవణి రెండో రోజున ముత్తప్ప పనిముట్ల సంచితో వచ్చాడు.

"ఎవరో ఆమె వస్తుందని కదమ్మా అన్నారు? ఏ పక్క మంచం వేస్తారో చెప్తే ఆ పక్క రీపర్లు దగ్గర దగ్గరగా కొడతాను."

"ఎవరూ రాలేదన్నా. అంతటా ఒకే మాదిరిగా కొట్టు."

అతను తలెత్తి చూసి, సంచి విప్పాడు. రెండు రోజులు పని చేశాడు. మంచి పనివాడు. పలకకూ పలకకూ మధ్య గోరు కూడా దూరదు. గోడల పొడుగునా మాత్రం వేలెడంత సందు వదిలాడు, వానకు చెక్క ఉబ్బితే జరగడానికి చోటు కావాలని. సుధామణి వంగి, ఈ కొస నుంచి ఆ కొసకు వేలికొసలతో తడిమింది. ఎర్ర చుక్క పెట్టడానికి ఆ నేల ఎక్కడా చోటివ్వలేదు.

ఒక్క సంగతి మాత్రం ముందు తెలియలేదు. ఎర్రగచ్చు మీద ఆమె నడిస్తే చప్పుడు ఉండేది కాదు. ఈ నేల మీద ప్రతి అడుగూ వినిపిస్తుంది. ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. ఆమె ఆగితే ఆ నడక కూడా ఆగిపోతుంది. మొదటి వారం ఆ గది దాటేటప్పుడు తెలియకుండానే అడుగు మెల్లగా వేసేది. తర్వాత అలవాటైంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం కృష్ణగిరి బస్సెక్కింది. చేతిసంచిలో రెండు కిలోల శనగపప్పు, ఒడిలో అడ్డంగా ఆ కర్ర. గురుబరపల్లి దాటేసరికి పడమట మబ్బు పట్టి ఉంది. పొద్దున కిటికీ తీసిన సంగతి గుర్తొచ్చింది, మూసిన సంగతి మాత్రం గుర్తు రాలేదు.

భువన చిక్కింది, తల సగం నెరిసింది, నోరు మాత్రం అట్లాగే ఉంది. "రావే రా! లారీ ఇప్పటికి కదిలిందా?" అని తన గదిలోకి పిలుచుకుపోయి, కర్ర ఊనుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూపించింది. "చూడు, పరిగెత్తమంటే పరిగెత్తుతాను."

"ఆ కర్ర ఎవరు తెచ్చినారు?"

"హేమంతు."

"నీకు పొడుగు. భుజం పైకి లేస్తా ఉండాది. ఇది పట్టుకో."

భువన కొత్త కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసింది. భుజం దిగింది. "సరిగ్గా ఉండాదే! నన్ను చూడకుండా ఎట్ల కొన్నావు?"

సుధామణి అప్పటికే వంగి నేలను చూస్తోంది. వినైల్ మంచిదే. పలకల బొమ్మ, కణుపులు, రెండు రకాల గోధుమరంగు. వేలితో గోడవారగా రాసుకుంటూ పోయింది. బాత్రూము గుమ్మం దగ్గర వేలు ఆగింది. అక్కడ అంచు లేచి ఉంది, జానెడు పొడవున, కర్ర కొన దూరేటంత.

"హేమంతూ, గమ్ ఉండాదా?"

హేమంత్ డబ్బా, పాతగుడ్డ తెచ్చి ఇచ్చాడు. "నేను చేస్తాను చిన్నమ్మా" అన్నా ఆమె వినలేదు. అంచు ఎత్తి, కిందనున్న నల్లరాయిని తడి లేకుండా తుడిచి, గమ్ రాసి, మళ్లీ ఒత్తింది. ఒత్తి, దాని మీదనే కూర్చుంది.

"ఎంతసేపే అట్ల?" అన్నది భువన.

"అరగంట. నేను లేస్తే ఇది లేస్తుంది."

"లారీని కూర్చోమనేదానివి, కడాకు నువ్వే కూర్చున్నావు చూడు."

ఇద్దరూ నవ్వారు. భువన మంచం మీద, సుధామణి గుమ్మం దగ్గర నేల మీద. ఆ అరగంట కంపెనీ కబుర్లు చెప్పుకున్నారు. ఎవరు పోయారు, ఎవరు బెంగళూరు వెళ్లారు, సూపర్‌వైజరు కూతురు పెళ్లిలో భోజనం ఎట్లా ఉంది. భువన, "ఈ పూట ఉండిపోవే, రేపు పోదువులే. ఉప్మా చేయిస్తాను, పప్పు నువ్వే తెచ్చినావు" అన్నది. సుధామణి కిటికీలోంచి బయటికి చూసింది. కొండ నెత్తిన మబ్బు నల్లబడింది.

"లేదక్కా. ముందుగది కిటికీ మూసిన గుర్తు లేదు. వాన కొడితే కట్టె ఉబ్బుతుంది."

"మూసేదానికి ఇంకెవరూ లేరా?" అని భువన అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

సుధామణి లేచి, అంచు మీద వేలు నడిపింది. గోరు దూరలేదు. "పాస్" అన్నది. చెయ్యి కడుక్కుని సంచి తీసుకుంది.

భువన కొత్త కర్ర ఊనుకుంటూ వెంట వచ్చింది. గది గుమ్మం దగ్గర వినైల్ అయిపోతుంది. అక్కడి నుంచి వీధి వాకిలి దాకా హాలంతా నల్ల గ్రానైటు. భువన ఆ అంచు మీదనే నిలబడిపోయింది. ఇంతకు మించి ముందుకు రాకూడదని కొడుకు మాట.

సుధామణి వట్టికాళ్లతో ఆ మెరిసే రాయి మీద నడిచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెనక్కి చూసింది. హాలు అవతల భువన కర్ర పైకెత్తి చూపించింది, ఊపుతున్నట్టుగా.

"ఇల్లు చేరినాక ఫోన్ చెయ్యవే!"

"కర్ర కింద పెట్టు ముందు!" అని అరిచింది సుధామణి. భువన కర్ర నేలకు ఆనించేదాకా ఆగి, వీధిలోకి దిగింది. మొదటి చినుకు పడింది. బస్టాండు వైపు నడక పెంచింది.